ఒకే డబ్బాలో రెండు కాపురాలు

నల్లటి తెర. దాని మీద తెల్లటి అక్షరాలతో రెండే రెండు వరుసలు. పైన ఒక విండోస్ పేరు, కింద ఇంకో విండోస్ పేరు. ఏది కావాలో చెప్పమని అడుగుతూ, అడుగున సెకన్లు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. ఇన్నేళ్లు కంప్యూటర్ల రిపేర్లు చేసి ఇంట్లో కూర్చున్న నన్ను, నీకు అన్నిటికంటే నచ్చిన దృశ్యం ఏమిటని అడిగితే ఇదే చెబుతాను. వినేవాళ్లు నవ్వుతారు. నవ్వనీండి. ఆ రెండు వరుసలు మొదటిసారి నా తెర మీద కనిపించిన రోజు నేను వంటింట్లోకి పరుగెత్తి, పప్పు పోపు పెడుతున్న మా ఆయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. పోపు మాడిపోయింది. ఆయన ఇప్పటికీ ఆ మాట ఎత్తుతారు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకు వచ్చిన ప్రమోషన్ ఒక్కటే, అదీ పేరుకే. కాబట్టి దాని ఊసు ఎత్తను. ఏ కేబుల్ ఎక్కడ పెట్టాలో మీకు పుస్తకాలు చెబుతాయి. అవి చెప్పనిది నాకు ఒక దుకాణంలో తెలిసింది. ఆ దుకాణం గురించే ఎక్కువ చెబుతాను.

ఇంజనీర్ ఎప్పుడొస్తాడు?

మాది తణుకు దగ్గర పల్లెటూరు. మా ఆయనకి కంచన్‌బాగ్‌లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం రావడంతో తొంభైల మొదట్లో హైదరాబాదు వచ్చి, జహనుమాలో అద్దెకి దిగాం. నాకు ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ఉంది, ఇంట్లో కాలు నిలవదు. పాతబస్తీ దుకాణాలకి, ప్రెస్సులకి, చిన్న చిన్న ఆఫీసులకి కంప్యూటర్లు బాగుచేసి పెట్టే యాదగిరి సార్ దగ్గర చేరాను.

మోపెడ్ మీద, భుజాన బ్యాగుతో వెళ్లి దిగేదాన్ని. దుకాణం వాళ్లు నన్ను చూసి, నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని తొంగి చూసేవాళ్లు.

"ఇంజనీర్ ఎప్పుడొస్తడమ్మా?"

"వచ్చేశాడండి. నేనే."

నాకు కోపం వచ్చేది కాదు, సరదాగా ఉండేది. కంప్యూటరు మూత విప్పి, లోపల పేరుకున్న దుమ్ము ఊది, ఆగిపోయిన ఫ్యాను తిప్పి చూపించేసరికి చుట్టూ జనం మూగేవాళ్లు. రెండోసారి ఏదైనా పాడైతే "ఆ ఆంధ్రా మేడమ్‌నే పంపుండ్రి" అని ఫోన్ చేసేవాళ్లు. నేను 'అండీ' అన్నప్పుడల్లా నవ్వేవాళ్లు, 'గట్లనే అండీ' అని నన్నే వెక్కిరించేవాళ్లు. ఏడాది తిరిగేసరికి చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తినడం దగ్గర్నుంచి, లొల్లి అయినప్పుడు గొంతు పెంచడం దాకా అన్నీ నాకు పట్టుబడ్డాయి.

యాదగిరి సార్ కాస్త నిదానస్తుడు. నాకు కాలు కాలిన పిల్లి వేగం. ఆయనకి ఒకటే సూత్రం. "సత్యవతమ్మా, పోంగనే బ్యాగ్ ఇప్పకు. ముందుగాల కుర్సీల కూసో. చాయ్ ఇస్తే తాగు. ఆ మనిషి పనెట్ల జేస్తడో సూడు. గప్పుడు తియ్యి స్క్రూడ్రైవర్." రోజుకి అరడజను దుకాణాలు తిరగాల్సిన దానికి కుర్చీలో కూర్చుని చాయ్ తాగడం ఏమిటని లోపల విసుక్కునేదాన్ని. బయటికి మాత్రం "అలాగే సార్" అనేదాన్ని.

ఆ రోజుల్లో మా రంగంలో ఒక జాతి ఉండేది, ఇప్పటికీ ఉంది. జబ్బు ఏదైనా సరే, డిస్కు మొత్తం తుడిచేసి మళ్లీ మొదట్నుంచి అన్నీ ఎక్కించడమే వాళ్ల వైద్యం. తలనొప్పి అంటే తల తీసి కొత్తది పెట్టే రకం. మీరు ఆ జాతిలో చేరకండి. అది పని రాని వాళ్లు పని వచ్చినట్టు కనిపించడానికి కనిపెట్టిన పద్ధతి.

వాకిట్లో కూర్చున్న మనిషి

ఒకే కంప్యూటర్లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు పెట్టడం ఇప్పుడు మీకు ఆట. అప్పట్లో అది మాకు పెద్ద సాహసం. డిస్కుని ముక్కలు చేయాలి. ఒక ముక్కలో ఒక సిస్టమ్, ఇంకో ముక్కలో ఇంకోటి. ఒకటి నడుస్తున్నప్పుడు రెండోది నిద్రపోతూ ఉంటుంది. నేను దాన్ని ఒకే ఇంట్లో రెండు కాపురాలు అనేదాన్ని. పొయ్యిలు వేరు, సామాన్లు వేరు, వీధి గుమ్మం మాత్రం ఒకటే. ముందు చెప్పిన రెండు వరుసల మెనూ అంటే ఆ గుమ్మం దగ్గర కూర్చుని "మీకు ఏ వాటా వాళ్లు కావాలండీ?" అని అడిగే మనిషి.

ఆ మనిషి విలువ మా ఇంటి కంప్యూటర్ మీదే తెలుసుకున్నాను. కొత్త విండోస్ ముందు ఎక్కించి, పాత విండోస్ 98ని తరవాత ఎక్కించాను. ఆన్ చేస్తే మెనూ లేదు, కొత్తది లేదు, తిన్నగా పాతదే తెరుచుకుంటోంది. మా ఆయన ఆఫీసు పనికి రాసుకున్న కాగితాలన్నీ కొత్తదానిలోనే ఉన్నాయి. అన్నీ పోయాయనుకున్నాను. తీరా చూస్తే ఏదీ పోలేదు! పాత విండోస్‌కి కొత్తది ఒకటి ఉంటుందనే తెలియదు. అది వస్తూనే గుమ్మం దగ్గర తన మనిషిని కూర్చోబెట్టింది. వాడు అడిగిన వాళ్లందరికీ, లోపల ఇంకో కాపురమే లేదని చెబుతున్నాడు. వాణ్ణి లేపి, తెలిసిన మనిషిని మళ్లీ కూర్చోబెట్టగానే రెండు వరుసలూ వచ్చేశాయి. పోపు మాడింది ఆ రోజే.

ముందు పాతది, తరవాత కొత్తది. ఇది మీ గోడ మీద రాసుకోండి.

సేఠ్‌జీ దుకాణం

ఛత్రినాకలో ద్వారకాదాస్ సేఠ్‌ది తాతల కాలం నాటి బట్టల దుకాణం. ముందు భాగంలో జాకెట్ ముక్కలు, లంగా గుడ్డలు అమ్మేవారు. వెనక గదిలో కంప్యూటరుతో నడిచే ఎంబ్రాయిడరీ మిషన్ పెట్టారు. తెర మీద ఉన్న డిజైన్‌ని చూసి అదే బట్ట మీద కుట్టుకుంటూ పోతుంది. అది నడుస్తుంటే నేను పని మరిచిపోయి నోరు తెరుచుకుని చూసేదాన్ని.

ఆ మిషన్ దగ్గర పనిచేసే అమ్మాయి నస్రీన్. వాళ్ల ఇంట్లో అందరూ మగ్గం మీద చేత్తో జరీ పని చేసేవాళ్లు. ఈ అమ్మాయి సేఠ్‌జీ దుకాణంలో చట్రానికి బట్ట బిగించడం, దారాలు కత్తిరించడం పనిగా చేరింది. కానీ కళ్లన్నీ కంప్యూటర్ మీదే. సేఠ్‌జీ ఒక స్కానరు, డిజైన్లు గీసే కొత్త సాఫ్ట్‌వేరు కొన్నారు. అది నేర్చుకుంటానని నస్రీనే ముందుకు వచ్చింది. డిజైన్ గీయడం వేరు, దారాలు కత్తిరించడం వేరు. డిజైన్ చేసేవాళ్లకి కుర్చీ ఉంటుంది, పేరు ఉంటుంది.

ఇక్కడ చిక్కు వచ్చింది. మిషన్‌ని నడిపే సాఫ్ట్‌వేరు పాతకాలంది. అది కంప్యూటరు వెనకున్న ప్రింటరు సాకెట్‌తో నేరుగా మాట్లాడుతుంది. విండోస్ 98 ఆ మాటలు సాగనిస్తుంది. కొత్తగా వచ్చిన విండోస్ ఎక్స్‌పీ ఒప్పుకోదు, అన్నీ నా ద్వారానే జరగాలంటుంది. డిజైన్ సాఫ్ట్‌వేరేమో ఎక్స్‌పీ ఉంటే తప్ప ఎక్కనంటుంది.

"ఇంకో కంప్యూటర్ పెట్టుకోండి సేఠ్‌గారూ" అన్నాను.

"జాగ ఏడుంది మేడమ్? గది మొత్తం మిషనే ఆయె. ఇంకోటి పెడితే నేను రోడ్డు మీద కూసోవాలె."

నిజమే, ఆ గదిలో ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాలి. నాకు లోపల ఎగిరి గంతేయాలనిపించింది. ఇంట్లో చేసిన ప్రయోగం ఒక నిజమైన అవసరానికి పనికొస్తోంది! డిస్కుని మూడు ముక్కలు చేశాను. ఒకటి విండోస్ 98కి. ఒకటి ఎక్స్‌పీకి. మూడోది ఇద్దరికీ ఉమ్మడి వసారా, రెండు సిస్టమ్‌లూ చదవగలిగేది. నస్రీన్ ఎక్స్‌పీలో డిజైన్ గీసి వసారాలో పెడుతుంది. కంప్యూటర్ ఆపి, మళ్లీ ఆన్ చేసి, 98లోకి వెళ్లి, వసారాలోంచి దాన్ని తీసి మిషన్‌కి ఇస్తుంది. కొత్తది కనక మెనూలో ఎక్స్‌పీ పైన ఉంది. ముప్పై సెకన్లలో ఎవరూ ఏమీ నొక్కకపోతే తనంతట తానే ఎక్స్‌పీలోకి వెళుతుంది.

నస్రీన్‌కి రెండు వరుసలూ చూపించాను. కింది బాణం నొక్కి ఎంటర్ కొట్టింది. పాత విండోస్ తెరుచుకుంది, మిషన్ గర్రుమంది. నస్రీన్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని "యా అల్లా!" అంది. నేనైతే చప్పట్లు కొట్టాను. సేఠ్‌జీ అప్పుడు ముందు గల్లాపెట్టె దగ్గర బేరంలో ఉన్నారు. ఆయన ఆ మెనూ చూడలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

పచ్చగడ్డి

ఆషాఢం వచ్చింది. గల్లీ ఆడవాళ్లంతా కలిసి బోనాల్లో అమ్మవారికి పెట్టే పట్టుచీర మీద పని చేయమని సేఠ్‌జీకి ఇచ్చారు. అది ఇంతకుముందు బయట మగ్గానికి వెళ్లే పని. మొదటిసారి మిషన్ మీద చేస్తానని సేఠ్‌జీ మాటిచ్చారు. డిజైన్ నస్రీన్‌ది. వేపరెమ్మ ఒకటి తెంపుకొచ్చి స్కానర్ అద్దం మీద పెట్టేసింది! అద్దం ఖరాబవుతుందని సేఠ్‌జీ గోలపెట్టారట. కానీ తెర మీద ఆ ఆకులు ఈనెలతో సహా వచ్చేసరికి నోరు మూసుకున్నారట. చీర బాగా వస్తే డిజైన్ కుర్చీ నస్రీన్‌దే అన్నారు కూడా.

చీర కోసం పొద్దున్నే మిషన్ నడపాల్సి వచ్చింది. అప్పుడు మొదలయ్యాయి ఫోన్లు. అన్నీ పొద్దున్నే.

"మేడమ్, ఏంది గిది? పాత విండో గాయబ్ అయింది. పచ్చగడ్డి వచ్చి కూసుంది."

పచ్చగడ్డి అంటే ఎక్స్‌పీ తెరుచుకోగానే కనిపించే కొండ మీద గడ్డి, నీలం ఆకాశం బొమ్మ. సేఠ్‌జీకి ఆ విండోస్ పేరు అదే.

పొద్దున నాకు వేరే దుకాణాలు ఉండేవి. మధ్యాహ్నానికి చేరేదాన్ని. వెళ్లగానే రీస్టార్ట్ చేసేదాన్ని, అది మా వాళ్లందరికీ ఉన్న జబ్బు. రెండు వరుసలూ బంగారంలా వచ్చేవి. పాతదీ తెరుచుకునేది, కొత్తదీ తెరుచుకునేది. "బాగానే ఉంది సేఠ్‌గారూ" అని వచ్చేసేదాన్ని. రెండు రోజులకి మళ్లీ ఫోన్. మళ్లీ వెళ్లేదాన్ని, మళ్లీ బంగారమే. డిస్కు పరీక్షించాను, కేబుళ్లు మార్చాను. ఏ తప్పూ దొరకలేదు. నాకు పిచ్చెక్కిపోయింది.

మూడోసారి వెళ్లేసరికి సేఠ్‌జీ తేల్చేసుకున్నారు.

"మేడమ్, బిమారి ఏందో నాకు ఎరుకైంది. గా పిల్లనే. బోణీ గాకముందు కంప్యూటర్ బంద్ జేస్తుంది. నా కండ్లతోని చూసిన. నేను దండం బెట్టి ఆన్ జేసిన మిషన్‌ను బోణీ గాకముందే బంద్ జేస్తే ఖరాబ్ గాకుంటే ఏమైతది? ఆ కొత్తది తీసెయ్. మనకొద్దు. డిజైన్ బయట చేపిచ్చుకుంట. పిల్ల మళ్ల చట్రం బిగిస్తది."

"సేఠ్‌జీ, మై కుచ్ నై కరీ, నేనేం జెయ్యలే" అంది నస్రీన్, వినపడీ వినపడకుండా.

"రేపు రా మేడమ్. రేపు తీసెయ్" అన్నారు ఆయన. బోనాలకి వారం కూడా లేదు. చీర కొంగు చట్రంలోనే ఉంది, సగం కుట్టి.

అడగని ప్రశ్న

బయట మోపెడ్ స్టాండు తీస్తుంటే నస్రీన్ వెనకాలే వచ్చింది. కళ్లల్లో నీళ్లు.

"మేడమ్, తీసేస్తరా నిజంగనే?"

"ముందు ఇది చెప్పు. బోణీ కాకముందు ఆపుతున్నావా?"

"ఆపుతున్న మేడమ్. నేనొచ్చే యాళ్లకే గడ్డి తెరుసుకుని ఉంటది. మిషన్ నడవాలంటే పాతదాంట్లకు పోవాలె. పాతదాంట్లకు పోవాలంటే బంద్ జెయ్యాలె గదా? బోణీ గాకముందు బంద్ జెయ్యొద్దని సేఠ్‌జీ కసురుతరు. ఆయన చాయ్‌కి పోయినప్పుడు చేస్తున్న. మొన్న చూసిండ్రు."

"ఈ మాట నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"మీరొచ్చినప్పుడల్లా సేఠ్‌జీతోని మాట్లాడుతరు. నన్ను అడగలే గదా మేడమ్."

ఆ మాట నా చెంప మీద కొట్టినట్టు తగిలింది. కంప్యూటర్ ముందు కూర్చునేది ఈ అమ్మాయి. నేను మాత్రం గల్లాపెట్టె ముందు కూర్చునే మనిషిని అడిగి మందు ఇస్తున్నాను. కానీ అసలు ప్రశ్న అలాగే ఉంది. నస్రీన్ రాకముందే ఎక్స్‌పీ ఎవరు తెరుస్తున్నారు? సేఠ్‌జీ దండం పెట్టి ఆన్ చేసేది కుట్టు మిషన్‌నే అనుకున్నాను, ఆయనకి మౌస్ పట్టుకోవడమే రాదు.

యాదగిరి సార్‌కి అంతా చెప్పాను. ఆయన నిదానంగా విని అన్నారు: "బిమారి పొద్దుగాల వస్తది. నువ్వు పొద్దెక్కినంక పోతవు. పోంగనే రీస్టార్ట్ జేసి బిమారి పోగొట్టి, మళ్ల బిమారి ఏడుందని ఎతుకుతవు. షట్టర్ తీసేటప్పుడు పో. బ్యాగ్ ఇప్పకు."

షట్టర్ తీసేటప్పుడు

మర్నాడు పొద్దున సేఠ్‌జీ కంటే ముందే దుకాణం మెట్ల మీద ఉన్నాను. ఆయన వచ్చి, నన్ను చూసి తల ఊపి షట్టర్ ఎత్తారు. కొత్తది పీకేయడానికే వచ్చాననుకున్నారు. గడప తాకి చెయ్యి కళ్లకి అద్దుకున్నారు. మెయిన్ వేశారు. వెనక గదిలోకి వచ్చి, కుడిచేత్తో కంప్యూటర్ మీట నొక్కి, ఆ చెయ్యి కూడా కళ్లకి అద్దుకున్నారు. ఇంకెవరి చెయ్యీ పడకముందు తన చెయ్యి పడాలి, అది వాళ్ల నాన్నగారి కాలం నుంచి ఆ దుకాణంలో పద్ధతి. నేను వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. బ్యాగు ఒళ్లోనే ఉంచుకున్నాను.

ఆయన వెనక్కి తిరిగి అగరొత్తులు వెలిగించారు. ముందు దేవుడి పటాలు. తరవాత నాన్నగారి ఫోటో. తరవాత గజం బద్ద, కత్తెర. ఆ తరవాత మిషన్. కంప్యూటర్ అన్నిటికంటే చివర.

తెర మీద రెండు వరుసలూ వచ్చాయి. ముప్పై. ఇరవై తొమ్మిది.

నాకు అర్థమైపోయింది! కుర్చీలో నిలవలేకపోయాను. "సేఠ్‌గారూ, ఇటు చూడండి!" అన్నాను. ఆయన కళ్లు మూసుకునే ఉన్నారు. ఆగమన్నట్టు ఎడమ చెయ్యి ఎత్తి, కుడిచేత్తో గజం బద్దకి అగరొత్తులు తిప్పుతూనే ఉన్నారు. పదిహేను. పద్నాలుగు. ఒక్క మీట నొక్కితే ఆగిపోయేది. నా వేలు దాని మీదే ఉంది. ఎలా నిగ్రహించుకున్నానో నాకే తెలియదు, నా జీవితంలో నేను చేసిన కష్టమైన పని ఆ కాసేపు ఏమీ చేయకుండా కూర్చోవడం. మూడు. రెండు. ఒకటి.

ఆయన మిషన్‌కి అగరొత్తి చూపించి, కంప్యూటర్ వైపు తిరిగేసరికి గడ్డి పచ్చగా మెరిసిపోతోంది.

"సూడు మేడమ్! మళ్ల గడ్డొచ్చింది! నేను ముట్టుకోలే, పిల్ల ఇంకా రానే లే..."

అని ఆగిపోయారు. అగరొత్తి చేతిలో అలాగే ఉంది. గుమ్మం వైపు చూశారు. అక్కడ ఎవరూ లేరు. నస్రీన్ ఇంకా రాలేదు.

"రానే లేదండీ" అన్నాను నేను. ఆపుకోలేక నవ్వేశాను. కంప్యూటర్ మీరు నొక్కగానే ఏ విండో కావాలని అడుగుతుందని, ముప్పై సెకన్లు చూస్తుందని, ఎవరూ పలకకపోతే తనకి నచ్చిన దానిలోకి వెళ్లిపోతుందని చెప్పాను. మీరు దణ్ణం పెట్టుకుంటున్నంతసేపూ అది మీ వీపునే అడుగుతోందని చెప్పాను.

ఆయన అగరొత్తిని మిషన్ పక్కన గుచ్చారు. తరవాత, "అయితే పిల్ల తప్పు లేదు" అన్నారు. నాన్నగారి ఫోటో వైపు చూసి, "పూజ బంద్ జేయమంటవా?" అన్నారు. గొంతులో నిజంగానే భయం ఉంది.

"మీరెందుకండీ ఆపడం? కంప్యూటర్‌నే ఆగమందాం."

ఆ మెనూ ఎంతసేపు ఆగాలో రాసి ఉండే చిన్న ఫైలు ఒకటి ఉంటుంది. అందులో ముప్పై తీసేసి మైనస్ ఒకటి అని రాశాను. అలా రాస్తే ఎవరో ఒకరు వచ్చి నొక్కేదాకా కదలదు. మిషన్ నడిపేదాన్ని పై వరుసకి తెచ్చాను. చేతిలో పనే కదా అని పేర్లు కూడా మార్చేశాను. ఇంగ్లీషు అక్షరాలతో పైన 'మిషన్', కింద 'గడ్డి'. సేఠ్‌జీ కూడబలుక్కుని చదివి, కడుపు పట్టుకుని నవ్వారు.

"ఎంతసేపు ఆగుతది మేడమ్?"

"మీరు ఎంతసేపు పూజ చేసుకుంటే అంతసేపు."

"అరే! మనిషి గూడ ఆగడు గంతసేపు."

ఇక ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేసి చూడాలి. సేఠ్‌జీ మొహం వాడిపోయింది. ఇంకా బోణీ కాలేదు! మిషన్ నడవాలంటే కంప్యూటర్ ఆపాలి, ఆపాలంటే బోణీ కావాలి, బోణీ కావాలంటే ఎవరైనా వచ్చి కొనాలి. నస్రీన్ రోజూ పొద్దున పడుతున్న చిక్కులోనే ఇప్పుడు మేమిద్దరం పడ్డాం. నేను లేచి ముందు భాగంలోకి వెళ్లి, కనిపించిన మొదటి జాకెట్ ముక్క తీసి, "ఇది నాకు ఇవ్వండి" అన్నాను. చిలకపచ్చ రంగు. నాకు అసలు నప్పదు. సేఠ్‌జీ దాన్ని కాగితంలో చుట్టి, డబ్బు కళ్లకి అద్దుకుని గల్లాపెట్టెలో వేశారు. బోణీ అయిపోయింది, నేను వెనక గదిలోకి వచ్చి కంప్యూటర్ ఆపి కూర్చున్నాను.

అప్పుడు వచ్చింది నస్రీన్. గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. కుర్చీలో నేను, ఒళ్లో బ్యాగు, కంప్యూటర్ ఆపి ఉంది. తీసేశామనుకుంది. చెప్పు విప్పబోయిన కాలు అలాగే ఆగింది.

సేఠ్‌జీ కంప్యూటర్ మీట నొక్కారు. రెండు వరుసలూ వచ్చాయి. ఆగాయి. ఈసారి సెకన్లు లేవు, తొందర లేదు. ఆయన కొత్త అగరొత్తి వెలిగించి, తీరిగ్గా తెర చుట్టూ మూడుసార్లు తిప్పారు. వరుసలు అలాగే నిలబడి ఉన్నాయి. అగరొత్తి గుచ్చి, గొంతు సవరించుకున్నారు.

"నస్రీన్. ఇటు రా బేటీ. నువ్వు నొక్కు."

"నేనా సేఠ్‌జీ? బోణీ..."

"అయింది. నొక్కు."

వచ్చి ఒక్క వేలితో ఎంటర్ నొక్కింది. పాత విండోస్ తెరుచుకుంది, మిషన్ గర్రుమంది. ఎర్ర పట్టు మీద ఆకుపచ్చ దారంతో ఒక వేపాకు, దాని పక్కన ఇంకో వేపాకు. ముగ్గురం ఆ కొంగు మీదికి వంగిపోయాం. సేఠ్‌జీ నస్రీన్‌ని క్షమించమని అడగలేదు, ఆ తరం మనుషులు అడగరు. కానీ మేము చూస్తుండగానే తన స్టూలు జరుపుకుని, కుర్చీని నస్రీన్ వైపు తోశారు.

చీర బోనాలకి అందింది. ఆ గల్లీ ఆడవాళ్లు మర్నాడు దుకాణానికి వచ్చి, ఈ ఆకులు ఎవరు గీశారని అడిగారట. సేఠ్‌జీ వేలెత్తి చూపించారట. ఆ చిలకపచ్చ జాకెట్ కుట్టించుకుని, నప్పకపోయినా చిరిగేదాకా తొడుక్కున్నాను.

ఒక్క కాపురానికి రెండు వరుసలు

కొన్నేళ్లకి ఆ మిషన్ కంపెనీ వాళ్లు ఎక్స్‌పీ మీద నడిచే సాఫ్ట్‌వేరు తెచ్చారు. కొత్త కంప్యూటర్ వచ్చింది. మిషన్, డిజైన్ రెండూ ఒకే విండోస్‌లో నడుస్తున్నాయి. రెండు కాపురాల అవసరమే లేదు. నస్రీన్ దగ్గర ఇంకో ఇద్దరు అమ్మాయిలు పని నేర్చుకుంటున్నారు. వారం తిరక్కుండానే సేఠ్‌జీ ఫోన్ చేశారు. మళ్లీ పొద్దున్నే.

"మేడమ్, దీంట్ల ఆగుడే లేదు. నొక్కంగనే సీదా గడ్డిల వడుతుంది."

"మంచిదే కదండీ. ఇప్పుడు మిషన్ కూడా గడ్డిలోనే నడుస్తుంది."

"అది నాకెరుకే. మరి నస్రీన్ ఏం నొక్కాలె?"

 చీర కుట్టిన ఆ రోజు నుంచి ప్రతి పొద్దున ఆయన మీట నొక్కడం, అగరొత్తులు తిప్పడం, చివర నస్రీన్‌ని పిలిచి ఎంటర్ కొట్టించడం జరుగుతోందని అప్పటిదాకా నాకు తెలియదు. నస్రీన్ వచ్చేదాకా ఆగేవారట. కంప్యూటరూ, ఆయనా.

వెళ్లాను. ఒక్క విండోసే ఉంటే మెనూ రాదు. అందుకని అదే విండోస్‌ని రెండుసార్లు రాశాను. పైన 'మిషన్', కింద 'గడ్డి', ఏది నొక్కినా తెరుచుకునేది ఒకటే. ఎవరైనా నొక్కేదాకా ఆగు అని రాశాను. ఇన్నేళ్లలో నేను చేసిన పనుల్లో ఇంత పనికిమాలింది ఇంకోటి లేదు, ఇంత గర్వపడిందీ ఇంకోటి లేదు.

నేను పని మానేశాక ఆ దుకాణం చూసుకోవడానికి ఒక కుర్రాడు కుదిరాడు. తెలివైనవాడు, నాలాగే కాలు నిలవదు. ఒక మధ్యాహ్నం ఫోన్ చేశాడు. "మేడమ్, ఈ సిస్టమ్‌లో ఎవరో తెలిసీ తెలియకుండా చేశారు. ఒకే విండోస్‌కి రెండు ఎంట్రీలు ఉన్నాయి, టైం కూడా సెట్ చేయలేదు. తీసేయనా?"

"ఇప్పుడొద్దు. రేపు పొద్దున షట్టర్ తీసేటప్పుడు వెళ్లు. బ్యాగు విప్పకు, కుర్చీలో కూర్చో. చూశాక నీకు తీసేయాలనిపిస్తే తీసేయ్" అన్నాను.

మర్నాడు పొద్దున పదింటికి ఫోన్ వచ్చింది. వెనక మిషన్ గర్రుమంటున్న చప్పుడు వినిపిస్తోంది.

"తీయలేదు మేడమ్" అన్నాడు.